ఎమ్మిగనూరు చర్చిలో సమాధానము

ఆదోని పత్తి యార్డులో, బేళ్ళ మధ్య, ఏజెంట్ జోయల్ కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయి ఉన్నాడు. ఒంటిమీద గాయం లేదు. కుడి అరచేతిలో సూదిమొనంత ఎర్రచుక్క.

"ఎవరినో నమ్మి చెయ్యి కలిపినాడు," అన్నాడు చీఫ్ వెంకోబారావు. జిన్నింగ్ మిల్లు వెనక గది వాళ్ళ తాత్కాలిక ఆఫీసు. "ఆర్బిట్ ముఠా పని. తర్వాతి టార్గెట్ సీమోను."

సీమోను రాడార్ ఇంజనీరు. ఆ విదేశీ ముఠాకు మన కోడ్స్ ఎలా చేరుతున్నాయో తెలిసినవాడు ఆయనొక్కడే. సోమవారం ఢిల్లీలో సాక్ష్యం చెప్పాలి. వెళ్ళేముందు సొంతూరు ఎమ్మిగనూరులో ఆదివారం ఆరాధనకు పోయి తీరతానని పట్టుబట్టాడు.

"నువ్వు పోతాండావు, శ్రీరక్షా," అన్నాడు ఎదురుగా నిలబడిన ఏజెంటుతో.

"మాది మంత్రాలయం సార్. మఠం సేవలో ఉండే ఇల్లు. చర్చి గడప తొక్కినదాన్ని కాదు. యాడ లేవాల్లో, యాడ మోకరించాల్లో నాకేం తెలుసు?"

"పక్కన రూత్ ఉంటుంది. కోడుమూరులో అట్లాంటి చర్చిలోనే పెరిగింది. ఆమెను చూసి చెయ్."

రూత్. ఆర్బిట్‌లోకి చొరబడిన మన డబుల్ ఏజెంట్. ట్రైనింగ్‌లో మూడేళ్ళు శ్రీరక్షతో ఒకే గదిలో ఉంది. చివరిసారి ఆదోని స్టేషన్లో రైలెక్కించినప్పుడు, వెనక్కి చూడకుండా పెట్టెలోకి నడిచి పోయింది. రెండేళ్ళయినా శ్రీరక్షకు ఆ వీపు కళ్ళ ముందునుంచి పోలేదు.

ఆదివారం. దొరలు కట్టిన రాతి చర్చి. ఆంగ్లికన్ పద్ధతి ఇంకా చెక్కుచెదరలేదు. బయట చెప్పుల వరుసలు. లోపల కుడివైపు మగవాళ్ళు, ఎడమవైపు ఆడవాళ్ళు. శ్రీరక్ష తలమీద కొంగు కప్పుకుంది. దాని కింద ఇయర్‌పీస్. రెండో వరుసలో చోటు. నడిదారికి అవతల సీమోను, చేయి చాస్తే అందేటంత దూరంలో.

రూత్ వచ్చి పక్కన కూర్చుంది. నీలం పట్టుచీర. వేలికి పచ్చరాయి ఉంగరం.

"చిక్కిపోయినావే," అంది మెల్లగా.

"నువ్వు మాత్రం మెరిసిపోతాండావు."

"ముఠా తిండి."

శ్రీరక్ష నవ్వి, కొంగు సర్దుకుంది.

పాట మొదలైంది. శ్రీరక్ష తొందరపడి లేచింది. వెనక వరుసలోంచి ఎవరో కొంగు పట్టి లాగారు. చేతులు కాయలు కాచిన పొలం కూలి మనిషి, ఉరుకుందమ్మ. "కూసో తల్లీ, ఇది కూసోని పాడేదే. కొత్తా నువ్వు?"

"అవునమ్మా."

"ఏం బయం లే. నన్ను చూసుకో."

వెనక్కి చూస్తూ ఎలా? శ్రీరక్ష రూత్‌నే చూసింది. రూత్ లేస్తే లేచింది. మోకరిస్తే మోకరించింది. విశ్వాస ప్రమాణం దగ్గర అందరి గొంతులూ ఒక్కసారిగా లేచాయి. రూత్ పెదవులు ఒక్క మాట వెనకబడ్డాయి. తర్వాత మోకాళ్ళు. తర్వాత ఆమేన్.

శ్రీరక్ష ఓరగా చూసింది. రూత్ కళ్ళు ప్రార్థన పుస్తకం మీద లేవు. ముందు వరుసలో ఉన్న పాస్టరు అయ్యగారి భార్య భుజాల మీద ఉన్నాయి. తను రూత్‌ను చూసినట్టే రూత్ ఆమెను చూస్తోంది.

చిన్నప్పటినుంచి ఈ ఆరాధనలో పెరిగిన మనిషి ఇంకొకరిని చూసి మోకరిస్తుందా? మరిచిపోయిందేమో. మరిచిపోయి ఉండాలని శ్రీరక్ష, తనకు తెలియని ఆ దేవుణ్ణే వేడుకుంది.

ముందున్న ప్రభువు బల్ల దగ్గర నిలబడి అయ్యగారు అన్నారు: "సమాధానము ఇచ్చిపుచ్చుకుందము." సమాధానమంటే ఇక్కడ శాంతి; ఒకరి చేయి ఒకరు అందుకుని చెప్పుకునేది.

రూత్ వెంటనే లేచింది. నవ్వుతూ, కుడిచేయి చాచి, నడిదారి దాటింది.

"ఆ యమ్మ యాడికి పోతాంది?" ఉరుకుందమ్మ ఆశ్చర్యంగా అంది. "బల్ల కాడినుంచి చేతికి చేయి అందుకుంటా రావల్ల గదా! ఆడోళ్ళది ఆడోళ్ళకే. ఇదేం దొరసాని పద్ధతి?"

రూత్‌కు ఈ ఆరాధన నేర్పింది కోడుమూరు కాదు. ఎవరు ఎవరికైనా కరచాలనం చేసే ఏదో పరదేశపు చర్చి. అంటే మొదటినుంచీ ఆర్బిట్ మనిషే. ఉంగరం రాయి అరచేతి వైపు తిరిగి ఉంది. జోయల్ అరచేతిలో ఎర్రచుక్క.

సీమోను మర్యాదకు లేచి చేయి చాచాడు.

శ్రీరక్ష దూకింది. రెండు అరచేతుల మధ్యకు కీర్తనల పుస్తకం దూర్చింది. ఉంగరంలోని సూది అట్టలో దిగబడి విరిగింది. మరుక్షణం రూత్ మణికట్టు ఆమె పట్టులో ఉంది.

"కోడుమూరు కథ ఎన్నేళ్ళు చెప్పినావే నాకు," అంది శ్రీరక్ష, పట్టు వదలకుండా. "మీ నాయన గంట కొట్టేవాడని..."

"నువ్వు నమ్మినావు గదా. బాగుండేది, నువ్వు నమ్మతాంటే."

మఫ్టీలో ఉన్న మన మనుషులిద్దరు రూత్‌ను రెండువైపులా పట్టుకున్నారు. ఎవరికో కళ్ళు తిరిగాయనుకుని జనం పక్కకు జరిగారు. పోతూ పోతూ రూత్ శ్రీరక్ష చెవి దగ్గర ఒక మాట అంది.

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది. "సీమోను?"

"క్షేమం సార్."

"రూత్ ఏమన్నా చెప్పిందా?"

"సమాధానము నీకు కలుగును గాక అనింది."

"నువ్వేమన్నావు?"

శ్రీరక్ష చూపు తలుపు దగ్గరే ఉంది. బయట జీపు స్టార్టయిన చప్పుడు.

"దానికి ఏం బదులు చెప్పాల్లో నాకెవరూ నేర్పలేదు సార్."