గోడ అవతలి పొగ

మిల్లు గేటు బయట అరుగు మీద హమాలీలు కూర్చుని ఊపిరి సర్దుకుంటున్నారు. ఆయాసపడుతూ లోపలికి అడుగుపెడితే మసికన్ను ఒప్పుకోదు. నడిమధ్య స్తంభానికి వేలాడే ఆ గాజుగుడ్డు పొయ్యి పొగనీ, లారీ పొగనీ, మనిషి ఊపిరినీ ఒకే గాటన కట్టేస్తుంది. ఆ లెక్క హద్దు దాటకుండా అది పచ్చగా వెలిగితేనే బస్తాల మీద పచ్చముద్ర పడుతుంది. ముద్ర లేని బియ్యం ఎవరూ కొనరు.

ఆ ముద్ర వచ్చాక మిల్లర్లంతా ఉన్నపళంగా భూమాత ముద్దుబిడ్డలైపోయారు. అందరిలోకీ పెద్దబిడ్డ సత్తిరాజు గారు.

ఆయన దగ్గర పొగ లెక్కలు రాసే కర్బన గుమాస్తాగా చేరిన భ్రమరాంబ మొదట్లో నిజమైన దారే చెప్పింది. ఆవిరి గొట్టాలు ఎక్కడికక్కడ కారుతున్నాయి, వాటిని బాగుచేయించి తొడుగులు చుట్టిస్తే బాయిలరులో ఊక వాడకం తగ్గుతుంది, పొగా తగ్గుతుంది అంది.

"అదంతా ఎప్పటికయ్యేనమ్మా? కన్నుకి కనపడకుండా చేసే ఉపాయం ఏవన్నా ఉంటే చెప్పు," అన్నాడాయన పళ్లు కుట్టుకుంటూ.

చెప్పింది. అక్కడే ఆమె బుద్ధి గడ్డి తింది. మసికన్ను చూపు ప్రహరీ దాకానే. వడ్లు ఉడికించే బాయిలరును గోడ అవతలికి జరిపి, ఆవిరి బయట కొన్నట్టు చూపిస్తే మిల్లుకు మసి అంటదు.

సత్తిరాజు గారు ఎగిరి గంతేశాడు. పెద్దమనసు చేసుకుని, బాయిలరు చూసే ఆమె భర్త సూరిబాబు పేరు మీదే ఆవిరి కంపెనీ పెట్టించాడు. పొగగొట్టం గోడ మీంచి తొంగిచూస్తే కన్ను పట్టేస్తుందని, దాన్ని గోడకన్నా కురచగా కోయించాడు. పొగంతా బాయిలరు పెట్టిన రేకుల షెడ్డులోనే సుడి తిరిగేది. సూరిబాబు అందులోనే పని చేసేవాడు.

"గొట్టం ఎత్తు పెంచమని అడుగుతానండి," అని భ్రమరాంబ అన్నప్పుడల్లా అతను దగ్గుతూనే వద్దనేవాడు.

"నీ ఉజ్జోగానికి ఎసరొత్తాదే. ఊరుకో."

ఆమె ఊరుకుంది.

ఇవాళ మిల్లు ఆవరణలోనే, జిల్లాలోకెల్లా శుభ్రమైన మిల్లు అని సత్తిరాజు గారికి బిరుదు ఇస్తున్నారు. గాలి మనకు కన్నతల్లి అంటూ ఆయన సిగ్గూ ఎగ్గూ లేకుండా ఉపన్యాసం దంచాడు. అతిథుల ఊపిరీ, ఆయన ఉపన్యాసమూ కలిసి కన్నును హద్దు అంచుకి తెచ్చాయి. అప్పుడే ఆవిరి కంపెనీ యజమాని అంటూ సూరిబాబును వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు.

అతనికి దగ్గు తెర వచ్చింది. ఆపుకోబోయాడు, ఆగలేదు. ఆ ఒక్క మనిషి రొప్పుకే మసికన్ను హద్దు దాటి ఎర్రబడింది.

సత్తిరాజు గారు నవ్వు చెదరకుండా భ్రమరాంబ వైపు వంగాడు. "అమ్మా, మీ ఆయన్ని కాస్త గోడవతలకి తీసుకెళ్లు. ముద్ర పోద్ది."

ఆ పెద్దమనిషిని చూస్తే ఆమెకు అసహ్యమేసింది. తన మీద తనకు అంతకన్నా ఎక్కువ వేసింది. భర్త జబ్బ పట్టుకుని గేటు దాటించింది. వెనక కన్ను మళ్లీ పచ్చబడింది, చప్పట్లు మోగాయి.

సూరిబాబు ఊక బస్తా మీద కూలబడి చాలాసేపు దగ్గాడు. చివరికి తలెత్తి, "పచ్చగా అయ్యిందా?" అనడిగాడు.

"అయిందండి."

"హమ్మయ్య," అంటూ శాలువాతో మూతి తుడుచుకున్నాడు. కొత్త శాలువా మీద నల్లటి మరక పడింది.