పదిహేడో హంస

వెంకటగిరి నేతవీధిలో మంగళవారం ఉదయం పదకొండు గంటలకు, చెప్పుల పెట్టె అంత యంత్రం మీద ఎర్రదీపం ఆరి పచ్చదీపం వెలిగింది. దాని ముందు ముగ్గురు కూర్చుని ఉన్నారు: యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ రిజ్వానా, చీరల అంచులకు డిజైన్లు గీసే పెంచలమ్మ, వాటిని నేసే ఆమె భర్త రమణయ్య.

"మూడువందల పన్నెండు డిజైన్లూ వచ్చేశాయి. ఒక్క చుక్క పోలేదు," అంది రిజ్వానా.

"ముందు హంసల అంచు చూపించమ్మా. మిగతావి తర్వాత," అన్నాడు రమణయ్య.

ఆయన తొందరకు కారణం ఉంది. నెల్లూరు వస్త్రవ్యాపారి కోదండపాణి హంసల అంచు తనదేనని నేత నమూనాల మండలికి దరఖాస్తు పెట్టాడు. శుక్రవారం విచారణ. మండలి అతని మాట ఒప్పుకుంటే, పెంచలమ్మ తాను గీసిన అంచును తన మగ్గం మీదే ఇక నేయించకూడదు. ఆమె దగ్గరున్న సాక్ష్యం పన్నెండేళ్ల కిందట గీసిన ఫైలు ఒక్కటే. అది ఇంట్లోని స్టోరేజ్ పెట్టెలో ఉంది. ఆ పెట్టె పాడైపోయింది.

అలాంటి పెట్టెలు అప్పటికి ప్రతి ఇంట్లోనూ ఉండేవి. లోపల రెండు డిస్కులు, రెండింటిలోనూ ఒకే సరుకు. ప్రతి ఫైలుకూ ఒక సరిచూపు సంఖ్య ఉంటుంది. నెలకోసారి పెట్టె అన్నిటినీ చదివి, ఆ సంఖ్యను మళ్లీ లెక్కకట్టి, ఒక ప్రతిలో తేడా వస్తే రెండో ప్రతి చూసి దిద్దుకుంటుంది. దీన్నే స్క్రబ్ అంటారు. రెండు ప్రతులూ, సంఖ్యల పట్టికా ఒకేసారి పాడైతే మాత్రం అది చేయగలిగింది లేదు.

"అన్నీ ఒకేసారి ఎలా పోయాయో అర్థం కాలేదు. పెట్టె ఎక్కడ పెట్టేవారు?" అని అడిగింది రిజ్వానా.

"ఎక్కడేంది, మగ్గం గుంజకే బిగించాం. పనిముట్లన్నీ ఒకచోట ఉండాల గదా. ఆయుధపూజకు దానికీ బొట్టు పెడతాం," అన్నాడు రమణయ్య.

"మగ్గం రోజుకు ఎన్ని దెబ్బలు కొడుతుంది?"

"ఏ పదివేలో."

డిస్కును చదివే ముల్లు దానికి వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఎత్తులో కూడా ఉండదు. మగ్గం అదిరినప్పుడల్లా అది డిస్కుకు తగులుతుంది. "పదమూడేళ్లు బతికాయంటే అవే గట్టివి," అంది రిజ్వానా. "నెలనెలా హెచ్చరిక వచ్చి ఉండాలే?"

"వచ్చేది. ఎర్రక్షరాలతో వచ్చేది. డిస్కౌంటు సేలనుకుని ఈయన తీసిపారేసేవాడు," అంది పెంచలమ్మ.

రిజ్వానా తన యంత్రానికి సవరణి అని పేరు పెట్టింది. చెరిగిపోయిన సమాచారం కూడా డిస్కు మీద కొంత ఆనవాలు వదులుతుంది. సవరణి ఆ ఆనవాళ్లను, అవి రాసిన తేదీలతో సహా చదువుతుంది. తేడాగా కనిపించిన చోట మిగతా డిజైను పోకడను బట్టి దిద్దుతుంది. అంతవరకు ప్రపంచంలో ఏ యంత్రమూ చేయని పని అది.

తెర మీద హంసలు బారుతీరాయి. పెంచలమ్మ వేలితో ఒక్కొక్కటే లెక్కపెడుతూ పోయింది. ఒకచోట వేలు ఆగింది.

"డాక్టరమ్మా, దీనికి కన్నెవరు పెట్టారు?"

"అన్ని హంసలకూ ఉంది కదండీ."

"దీనికి ఉండదు. దిష్టి తగలకుండా ప్రతి అంచులో ఒకటి కొరత పెట్టి గీస్తాను. మా అమ్మ నేర్పింది."

రిజ్వానా మిగతావి తెరిచింది. మూడువందల పన్నెండు డిజైన్లలోనూ కొరత అన్నది లేదు. సవరణి అన్నిటినీ బాగుచేసి పెట్టింది.

"చెరిపేయమ్మా ఆ కన్ను. ఎంతసేపు," అన్నాడు రమణయ్య.

"ఇప్పుడు చెరిపితే అది ఈ మంగళవారం ఫైలవుతుంది. సాక్ష్యానికి పనికిరాదు."

పెంచలమ్మ ఆలోచించింది. "నీ మిషను ఏమేం దిద్దిందో ఎక్కడన్నా రాసుకుందా?"

"ప్రతి ఒక్కటీ రాస్తుంది. ఆ చిట్టాను తర్వాత నేను కూడా మార్చలేను."

"అయితే ఫైలు ఉన్నదున్నట్టే ఉండనీ. ఆ చిట్టా అచ్చుతీసి పట్రా."

శుక్రవారం మండలి అధికారి భానురేఖ ముందు కోదండపాణి చీర పరిచాడు. పక్కన తెర మీద పెంచలమ్మ ఫైలు ఉంది.

"చూడండి మేడమ్, మా పదిహేడో హంసకు కన్ను లేదు. అది మా గుర్తు. వాళ్లదాంట్లో ఆ గుర్తే లేదు. కాపీ కొట్టినోళ్లకు అదేం తెలుస్తుంది?" అన్నాడు.

పెంచలమ్మ కాగితాల కట్ట ముందుకు జరిపింది. భానురేఖ చదివింది. "పిందెల అంచు: ఇరవైరెండో పిందెకు తొడిమ లేదు, పూరించాను. ఏనుగుల అంచు: తొమ్మిదో ఏనుగుకు తోక లేదు, పూరించాను. హంసల అంచు: పదిహేడో హంసకు కన్ను లేదు, పూరించాను." అలా మూడువందల పన్నెండు వరసలు.

"కోదండపాణిగారూ, పదిహేడో హంసనే ఎందుకు ఎంచుకున్నారు?"

"ఏదో ఒకటి ఉండాలని."

"మీరు చెప్పండమ్మా."

"ఏ తారీఖున గీస్తే ఆ అంకె కాడ కొరత పెడతాను. ఆ రోజు పదిహేడో తారీఖు."

భానురేఖ చిట్టాలో ప్రతి వరస పక్కనా ఉన్న, ఆ డిజైను మొదట గీసిన తేదీ చూసింది. పిందెలు ఇరవైరెండు. ఏనుగులు తొమ్మిది. హంసలు పదిహేడు, పన్నెండేళ్ల కిందట. యాభై వరసల దాకా చూసి పెన్ను తీసుకుంది. కోదండపాణి చీర మడత పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం నేతవీధిలో ప్రతి గడపలోనూ మిఠాయి పంచారు. రమణయ్య సవరణికి స్వయంగా బొట్టు పెట్టాడు. గాలిపోయే రంధ్రాల మీద పెట్టొద్దని రిజ్వానా చెప్పాల్సి వచ్చింది.

ఏడాదిలో సవరణి నలభై వేల ఇళ్లకు చేరింది. పెట్టెలు మగ్గాలు వదిలి గోడ గూళ్లలోకి మారాయి. ఎర్రక్షరాల హెచ్చరికలు జనం చదవడం నేర్చుకున్నారు. ఒక్క ఫైలు కూడా పోలేదు. రిజ్వానా యంత్రంలో మార్పు ఒక్కటే చేసింది. ఏది దిద్దబోయినా సవరణి ముందుగా అడుగుతుంది: "ఇది లోపమా, మీరు పెట్టిందా?"

ఆ మార్పు చేసిన ఆరు నెలలకు ఆమె పెంచలమ్మకు ఫోను చేసింది.

"మీ పుణ్యమా అని నా మిషనుకు పని లేకుండా పోయిందండీ. తల తెగిన ఫొటో చూపిస్తే 'మేం పెట్టిందే' అని నొక్కుతున్నారు. శ్రుతి తప్పిన పాట, ఉప్పు రెండుసార్లు వేయమన్న ఆవకాయ కొలత, అన్నీ వాళ్లు పెట్టినవేనట. నలభై వేల ఇళ్లలో ఈ ఆరు నెలల్లో దిద్దినవి పదకొండు."

"మీ ఇంట్లో ఏమన్నా అడిగిందా?"

"మా నిఖా ఫొటోలో మా ఆయన కళ్లు మూసుకున్నాడు. తెరిపించమంటారా అని అడిగింది."

"ఏం నొక్కావు?"

"మేం పెట్టిందే అని నొక్కాను."

ఫోనులో మగ్గం దెబ్బ వినిపిస్తూనే ఉంది.

"మంచి పని చేశావు," అంది పెంచలమ్మ. "ఆయనకు దిష్టి తగలదు."