కడిగిన గ్లవ్స్

మెషీన్ మూతిలోకి వకుళ గ్లవ్స్ వెళ్లాయి. పచ్చదీపం వెలగలేదు. తెర మీద సున్నా పడింది.

"ఇంకోసారి పెట్టండి సార్," అంది వకుళ. అప్పటికే ఆమె గొంతులో వేడి పుట్టింది.

ఆ మెషీన్ పేరు శ్రమదర్శిని. సిఫారసులకి చోటు లేకుండా రాష్ట్ర క్రికెట్ జట్టుని ఎంపిక చెయ్యాలని డాక్టర్ శేషాచలం దాన్ని కనిపెట్టాడు. గ్లవ్స్, ప్యాడ్ల లోపలి పొరల్లో ఇంకిన చెమటని సెన్సర్లు చదువుతాయి. ఎంత ఉప్పు ఉంటే అంత ప్రాక్టీస్ చేసినట్టు లెక్క. ఇక ఎవరి ఆటా చూడనక్కర్లేదు. కళ్లున్న సెలక్టర్లంతా దాని వెనకాల చేతులు కట్టుకు కూర్చున్నారు.

"వీటిలో చెమటే లేదమ్మా," అన్నాడు శేషాచలం నెమ్మదిగా. "ప్రాక్టీస్ చేస్తే జాడ ఉండాలి కదా."

"రోజూ కీపింగ్ చేస్తాను సార్. ఇంటికెళ్లగానే మా అమ్మ వెనిగర్ నీళ్లలో గుడ్డ ముంచి లోపలంతా తుడుస్తుంది. వంటసోడా చల్లి, పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెడుతుంది. కడిగితే పోయే కష్టమా నాది? గ్రౌండ్‌లోకి రండి, నాలుగు బంతులు వేయించి చూడండి."

"మనిషి చూస్తే మళ్లీ పక్షపాతం వస్తుందమ్మా."

ఉన్న ఒక్క కీపర్ స్థానం పల్లవికి పోయింది. కొన్నాక ఏనాడూ కిట్ కడిగిన పాపాన పోలేదు ఆ పిల్ల. వికెట్ల వెనకాల వచ్చిన బంతిని పట్టకుండా వచ్చినట్టే బౌండరీకి సాగనంపుతుంది.

వకుళ ఆ కోపాన్ని ఇంటిదాకా మోసుకెళ్లి తల్లి సింహాద్రమ్మ మీద కుమ్మరించింది. "నీ శుభ్రం పాడుగానూ! ఇంకెప్పుడైనా నా గ్లవ్స్ ముట్టుకున్నావంటే చూడు!"

సింహాద్రమ్మ వంటసోడా డబ్బా అటక మీదకి తోసేసింది.

ఆ ఏడాదంతా గ్లవ్స్ కంపు ఇల్లంతా నిండిపోయింది. వకుళ వేళ్ల సందుల్లో పుళ్లు పడ్డాయి. పసుపు రాసుకుని మరీ ఆడింది. ఊళ్లో ఏ క్రికెటర్ కూడా కిట్ కడగలేదు. వాళ్లు బస్సెక్కితే జనం ముక్కులు మూసుకుని జరిగేవారు.

మళ్లీ సెలక్షన్లు వచ్చాయి. ఈసారి తల్లి కూడా వెంట వచ్చింది. గ్లవ్స్ లోపలికెళ్లాయి. సున్నా.

"ఇదేటి బాబూ?" అంది సింహాద్రమ్మ. "ఏడాదిగా నీటి చుక్క తగలనివ్వలేదు!"

"అదేనమ్మా సమస్య," అన్నాడు శేషాచలం మాస్కు సర్దుకుంటూ. "నిరుడు ఈ హాల్లో కంపు భరించలేకపోయాం. అందుకే మెషీన్ మార్చాం. ఇది బ్యాక్టీరియాని లెక్కపెడుతుంది. కిట్ శుభ్రంగా ఉంటే క్రమశిక్షణ ఉన్నట్టు."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ?" అంది వకుళ.

"నిన్న వెబ్‌సైట్‌లో పెట్టాం."

వకుళకి ఒళ్లు మండిపోయింది. గ్లవ్స్ లాక్కుని ఆయన ముక్కు కిందే బల్ల మీద పడేసింది. పుళ్ల చేతులు రెండూ వాటి పక్కన పెట్టింది.

"మెషీన్‌తో నాకు పని లేదు. మీరు చూడండి."

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "మనుషులు చూడకూడదమ్మా, రూల్ ఒప్పుకోదు. తరవాత ఎవరు?"

పల్లవి ముందుకొచ్చింది. ఆమె గ్లవ్స్‌కి షాపువాడు కట్టిన ధర చీటీ ఇంకా వేలాడుతోంది. పచ్చదీపం వెలిగింది.