దొంగనిద్ర

“నిద్ర పట్టకపోతే దవాఖానకు పోవాలె గానీ, గీ మంత్రాల కాడికెందుకు తెచ్చినవే అవ్వా?”

సంపత్ గొంతు లోపలికి వినపడింది. గ్లోరియా తలుపు తీసింది.

“మంత్రాలు కావు, హిప్నోథెరపీ. నేను సైకాలజీ చదివిన. నమ్మకం లేకపోతే పోండ్రి. ఆ గుట్కా మాత్రం మా గుమ్మం కాడ ఉమ్మకుండ్రి!”

కొడుకు వీపు మీద సారక్క ఒక్కటి వేసి లోపలికి తోసింది. సంపత్ ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ బండి నడుపుతాడు. నైట్ షిఫ్టు చేసొచ్చాక పగలు కన్ను మూతపడదు. డ్యూటీలో మేలుకోవడానికి గుట్కా, ఆ గుట్కాతో మళ్లీ నిద్ర కరువు.

“కండ్లు మూసుకోండ్రి. ఊపిరి మెల్లగ వదలండ్రి. రెప్పలు బరువైతున్నయి...”

రెప్పలు బరువు కాలేదు. ఆ గొంతు మాత్రం ఇంకాసేపు వినాలనిపించింది. కదలకుండా పడుకున్నాడు.

“ఎట్లుంది?”

“మస్తు నిద్ర పట్టింది మేడమ్.”

ప్రతి శనివారం అదే మాట. గుట్కా మానేశానని కూడా చెప్పాడు.

ఒక వానరోజు డంపర్ నడుపుతూ కునికాడు. బండి దారి అంచున ఉన్న మట్టికట్టకు గుద్దుకుని ఆగింది. దెబ్బ తగల్లేదు. సారక్క ఏడుస్తూ గ్లోరియాకు ఫోన్ చేసింది. గ్లోరియా గొడుగు కూడా మరిచి సెంటినరీ కాలనీలో వాళ్ల క్వార్టరుకు వచ్చింది.

“మస్తు నిద్ర అన్నరు కదా! ఆ కట్ట లేకుంటే ఏమైపోతుంటివి? నమ్మకుంటే నమ్మనని చెప్పాలె. నాటకమెందుకు?”

కోపంలో ‘మీరు’ ‘నువ్వు’ అయింది. ఇద్దరూ గమనించారు.

“పట్టట్లేదంటే ఇంకో డాక్టర్ దగ్గరికి పంపుతవని భయమైంది. శనివారం కోసమే వారమంత ఎదురుచూస్తున్న గ్లోరియా.”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కోపం ఇంకా పెరిగింది.

“పేషెంటువై ఉండి గా మాటలేంది? ఇగ నీకు నేను సెషన్ చెయ్య. కరీంనగర్‌ల జమున మేడమ్ ఉన్నది. ఆమె ముందర నిజంగ కండ్లు మూసుకో.”

“మరి నువ్వేమంటవ్?”

“ముందు నిద్రపో. తర్వాత చెప్త!”

గుట్కా మానలేదన్న నిజం మొదటిసారి జమున మేడమ్ దగ్గర చెప్పాడు. గుట్కా ఒక్కరోజులో పోలేదు. ఒకసారి మానేసి మళ్లీ నోట్లో వేసుకుని, సిగ్గుపడి, మళ్లీ మొదలుపెట్టాడు. ఓ మధ్యాహ్నం ఎంత గాఢంగా పడుకున్నాడంటే, సారక్క హడలిపోయి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది.

వానలు తగ్గాక గ్లోరియాకు ఫోన్ చేశాడు. “రమ్మంటవా?”

“పొద్దుగాల రా. డాడీ ఇంట్లనే ఉంటడు. నాకు ఇష్టమేనని చెప్పిన.”

పొద్దున ఎవరూ రాలేదు. మధ్యాహ్నం దాటింది. సాయంత్రం ఇస్త్రీ చొక్కాతో సంపత్, వెనక సారక్క వచ్చారు. గ్లోరియా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“పొద్దుగాల రమ్మంటే ఇప్పుడా వచ్చేది? పెండ్లి మాటకు గూడ ఇంత లేటా?”

“డ్యూటీ దిగొచ్చి జరసేపు పడుకుందామనుకున్న,” అన్నాడు సంపత్ తలదించుకుని. “మెలకువ రాలె.”

గ్లోరియా తిట్టబోయి నవ్వేసింది. లోపల్నుంచి ఆమె తండ్రి టిమోతి గొంతు వినబడింది.

“పక్కకు జరుగు బిడ్డా. నైట్ షిఫ్టు చేసి పగలు పండుకునే పిలగాడు మళ్ల దొరకడు.”