వీపుకి తగలని ఇనుము

సెలవు రోజు మధ్యాహ్నం. అట్టపెట్టెల గోడౌన్ షట్టరు సగానికి లేపి వాచ్‌మన్ పక్కకి జరిగాడు. వెల్డరు తన బండిలోంచి పైపులు దించుకుని, వంగి లోపలికి దూరాడు. అన్నిటినీ మెట్ల మీదుగా పైఅంతస్తుకి చేర్చేసరికి చొక్కా తడిసి ముద్దయింది. వాచ్‌మన్ మాత్రం చెయ్యి వెయ్యలేదు. "మోకాళ్ళు సహకరించడం లేదయ్యా" అన్నాడు. సంగతి మోకాళ్ళది కాదు. ప్రమాదం జరిగిన దగ్గర్నుంచీ ఆయన ఆ మెట్లెక్కడం మానేశాడు.

పైఅంతస్తు అంటే గోడలున్న గది కాదు. గోడౌన్‌లో సగం దాకా వేసిన పెద్ద అటక. ఇనుప దూలాలు, వాటి మీద రేకుల నేల. అంచుకొచ్చి తొంగి చూస్తే బాగా లోతున సిమెంటు గచ్చు, లారీలు వచ్చి ఆగే చోటు. ఎప్పుడెళ్ళినా జిగురు వాసన, చెమ్మగిల్లిన అట్ట వాసన.

ఇక్కడ పనిచేసేవాళ్ళకి ఒక అలవాటుంది. మడిచిన అట్టల్ని ట్రాలీ మీద తలకంటే ఎత్తుగా పేరుస్తారు. తోసుకెళ్తే ఎదురేముందో కనపడదు, పైన ఉన్న అట్టలు జారతాయి. అందుకని ఒక చేత్తో ట్రాలీ పిడి, ఇంకో చేత్తో దొంతర పట్టుకుని, వెనక్కి నడుస్తూ లాక్కొస్తారు. అంచు దగ్గర వీపుకి రెయిలింగ్ తగులుతుంది. తగిలిన చోట ఆగుతారు. ఎవరూ తల తిప్పి చూడరు. కొత్తగా చేరినవాళ్ళకి పాతవాళ్ళు నేర్పే మొదటి పాఠం కూడా అదే: "వీపుకి ఇనుము తగిలేదాకా వచ్చెయ్." ఆ మనుషుల కళ్ళు వీపులో ఉండేవి.

ఆ కళ్ళు పీకేసినవాడు మేనేజరు. కొత్త మెషిన్‌ని పైకెక్కించడానికి రెయిలింగ్‌లో మధ్య ముక్క విప్పించాడు. మెషిన్ ఎక్కింది. విప్పిన ముక్క గోడకి చేరింది. మళ్ళీ బిగించమని పనివాళ్ళు అడిగితే "చూద్దాం" అన్నాడు. ఏది అడిగినా ఆ ఒక్క మాటే కాబట్టి వెనకాల అందరూ అతన్ని చూద్దాం సారు అంటారు. మర్నాడు పొద్దున షిఫ్టుకి, ముక్క విప్పిన సంగతే తెలియని వెల్డరు బావ, అంటే వాళ్ళక్క మొగుడు, ఎప్పట్లాగే దొంతర పట్టుకుని వెనక్కి నడిచాడు. ఎప్పట్లాగే వీపుకి ఇనుము తగలాలి. తగల్లేదు.

"వెనకాముందూ చూసుకోవాలి కదయ్యా" అన్నాడు చూద్దాం సారు, ఆ మనిషిని గచ్చు మీంచి ఇంకా లేపకముందే. ఆ మాట తలుచుకుంటే వెల్డరుకి ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

తర్వాత పెద్దమనసు చేసుకుని అక్కకి ఉద్యోగం ఇచ్చారు. ఎక్కడ? అదే పైఅంతస్తులో. ఏ పని? అదే ట్రాలీ. తెరిచి ఉన్న అంచుకి ఒక తాడు కట్టి, దానికి ఎర్రగుడ్డ వేలాడదీశారు. వీపుకి ఎరుపు కనపడుతుందా? తాడు మనిషి బరువు ఆపుతుందా? అడిగితే ఆ సారు నీళ్ళు నమిలాడు. వెల్డరు అతని గది ముందు గొంతు చించుకోగా చించుకోగా, పై ఆఫీసు నుంచి ఎవరో తనిఖీకి వస్తున్నారని తెలిశాక, చివరికి సారు రెయిలింగ్ వేయించడానికి ఒప్పుకున్నాడు. అదీ ప్రమాదం జరిగిన వైపు అంచుకే. అటు చివర పాత లిఫ్టు ఉండే వైపు రెయిలింగ్ లేక బోసిగా ఉన్నా దాని ఊసెత్తొద్దన్నాడు. పైగా ఇంకో మెషిన్ వస్తుందట. అందుకని ఇక్కడ కూడా మధ్యలో ఖాళీ వదిలేసి గొలుసు కట్టాలట.

రేపు పొద్దున అక్క షిఫ్టు. ఈలోగా ఈ అంచుకి ఇనుము పడాలి. వెల్డరు బుర్రలో ఇంకే ఆలోచనా లేదు.

చుట్టూ అట్టలు కాబట్టి అక్కడ నిప్పు రవ్వ పడకూడదు. అందుకే రెయిలింగ్‌ని తన షెడ్డులోనే అతికించి తెచ్చాడు. ఇక్కడ, మధ్య ముక్క విప్పాక ఊగిపోతున్న రెండు పక్కల పాత ముక్కల్ని తీసేసి, నేలకి కన్నాలు పెట్టి కొత్తవాటికి బోల్టులు బిగించడమే. ఒక పక్క పూర్తయింది. రెండో పక్క కూడా పూర్తవుతుండగా వాన అందుకుంది. రేకుల కప్పు మీద ఒకటే హోరు. కాసేపటికి కరెంటు పోయింది.

షట్టరు కిందనుంచి వచ్చే కాస్త వెలుతురు పైదాకా రాలేదు. మిగిలిన బోల్టుల్ని వేళ్ళతో తడుముకుంటూ, పానాతో బిగిస్తూ కూర్చున్నాడు. మధ్యలో ఖాళీ ఉండనే ఉంది. ఆ ఖాళీ వైపు చూడకూడదనుకుంటూనే చూస్తున్నాడు.

వాన ఒక్కసారిగా ఆగింది. గోడౌన్ అంతా నిశ్శబ్దం. జిగురు వాసన ముక్కుకి ఘాటుగా తగిలింది, అప్పుడే డబ్బా మూత తీసినట్టు.

కీచుమంది.

వెల్డరు తలెత్తాడు. అట్టల వరసల మధ్య సందులోంచి వచ్చింది చప్పుడు. మళ్ళీ కీచు. చక్రం తిరుగుతున్న చప్పుడు. దాని వెంబడే అడుగులు. నిదానంగా... రేకుల నేల మీద మడమ ముందు పడుతూ...

"ఎవరూ? వాచ్‌మన్ గారూ?"

కింద గేటు గదిలో వాచ్‌మన్ దగ్గు వినిపించింది. అంటే ఆయన కిందే ఉన్నాడు.

చీకట్లోంచి ఒక వీపు వచ్చింది.

మొహం కాదు. వీపు. చెమటకి అంటుకుపోయిన నీలం చొక్కా, కాస్త వంగిన భుజాలు, వెనక్కి... వెనక్కి... చేతుల్లో దొంతర. ఆ భుజాలు వెల్డరుకి తెలుసు. అక్క పెళ్ళయిన కొత్తలో ఆ భుజాల మీద చెయ్యేసుకుని తిరిగినవాడు తను.

ఆ వీపు తిన్నగా ఖాళీ వైపు నడిచింది. అంచు దగ్గర ఒక్క క్షణం తటపటాయించింది. వెతికింది. ఇనుము కోసం కొంచెం వెనక్కి వాలి, ఇంకొంచెం వాలి...

పోయింది.

కింద చప్పుడు కాలేదు. వెల్డరు చెవులు రిక్కించి ఎదురుచూశాడు. ఆ చప్పుడు రాకపోవడమే భరించలేకపోయాడు. పారిపోదామని లేచాడు. అంతలోనే...

కీచు.

మళ్ళీ సందులోంచి. అదే చక్రం. అవే అడుగులు. అదే వీపు. మళ్ళీ అంచు, మళ్ళీ ఆ వెతుకులాట, మళ్ళీ ఖాళీ.

మూడోసారి చక్రం కీచుమనేసరికి వెల్డరుకి భయంతో పాటు ఇంకోటి పుట్టింది. కోపం. ఒళ్ళంతా మండే కోపం. చచ్చాక కూడా ఈ మనిషికి పడిపోవడం తప్పలేదన్నమాట! ఒక్క ఇనుప ముక్క గోడకి చేరేసి ఉంది, దాన్ని తీసి బిగించడానికి ఎవడికీ చేతులు రాలేదు. పడ్డవాడిదే తప్పని తేల్చి అందరూ చేతులు దులుపుకున్నారు. ఈయన మాత్రం ఇక్కడ రోజంతా, రాత్రంతా, వీపుకి ఇనుము తగులుతుందేమోనని...

"థూ, మీ బతుకులు చెడ!" అని అరిచాడు ఎవర్నో.

గోడ దగ్గరికి పరిగెత్తి ఆ పాత ముక్కని భుజానికెత్తుకున్నాడు. మామూలుగా ఇద్దరు మోసే బరువు. ఈడ్చుకొచ్చి ఖాళీలో నిలబెట్టాడు. దాని పాత కన్నాలు నేలలో ఇంకా అలాగే ఉన్నాయి, కరెంటుతో పనిలేదు. బోల్టు దూర్చాడు. నట్టు జారిపోయింది. తడుముకుని ఇంకోటి తీశాడు.

కీచు... కీచు...

"ఆగు బావా... ఒక్క నిమిషం ఆగు..."

వీపు సందులోంచి బయటికొచ్చింది. వెల్డరు పానా తిప్పుతున్నాడు. చల్లటి గాలి మెడ మీద తగిలింది. ఇంకొక్క బోల్టు. వీపు అతని పక్కనుంచే దాటింది. పళ్ళు బిగించి, మొత్తం బరువు పానా మీద వేసి లాగి, పక్కకి దొర్లాడు.

రెయిలింగ్ జివ్వుమంది.

వీపు ఆగింది. ఇనుముకి ఆనుకుని, కదలకుండా ఆగింది. తర్వాత దొంతర అవతలనుంచి, పొడి గొంతుతో, ఒక్క మాట.

"ఇప్పుడా?"

వెల్డరు అక్కడే చతికిలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు.

సెల్‌ఫోన్ వెలుగు మొహాన పడేదాకా ఎవరో మెట్లెక్కి వచ్చిన సంగతే తెలియలేదు. చూద్దాం సారు. పని ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి వచ్చినట్టున్నాడు, చేతిలో మడిచిన గొడుగు.

"ఏమయ్యా, ఏంటిది? మధ్యలో ఖాళీ వదలమన్నానా లేదా? మెషిన్ నీ నెత్తి మీంచి ఎక్కిస్తావా?"

"మెషిన్ వచ్చిన రోజు నేనే వచ్చి విప్పుతాను. ఎక్కాక నేనే బిగిస్తాను."

"నీ ఇష్టమేనా? విప్పి గొలుసు కట్టు."

"గొలుసుకి మనిషి ఆగడు సార్."

"చూసుకుని నడిస్తే ఎందుకాగడు?" అంటూ అతను ముందుకొచ్చి, రెయిలింగ్‌కి వీపు ఆనించి, చేతులు కట్టుకున్నాడు. "ఇదిగో, నేను నిలబడలేదూ? గొలుసున్నా ఇలాగే నిలబడతా. మీవాళ్ళకి ఒళ్ళు దగ్గర..."

మాట మధ్యలో తెగింది. మెడ తిప్పకుండా, కళ్ళు మాత్రం పక్కకి తిప్పాడు.

"నా పక్కన... ఎవరో ఆనుకున్నారు..."

"నేను ఇక్కడున్నాను సార్."

"భుజం తగుల్తోందయ్యా... తడిగా..." గొంతు కీచుగా మారింది. "ఎవరది? పొమ్మను... పొమ్మనవయ్యా!"

"ఎందుకు పొమ్మనాలి?" వెల్డరు లేచి నిలబడ్డాడు. "వెనకాముందూ చూసుకోమన్నారుగా ఆయన్ని. మీరు పక్కకి చూడండి. ఒక్కసారి మొహం చూసి మాట్లాడండి!"

అతను చూడలేదు. గొడుగు వదిలేసి, పడుతూ లేస్తూ మెట్లు దిగిపోయాడు. షట్టరు దగ్గరికి చేరాక, వాచ్‌మన్ కనపడ్డాక, గొంతులోకి మళ్ళీ మేనేజరుతనం వచ్చింది. కిందనుంచే కేకేశాడు.

"ఇటువైపు రేపట్నుంచి ఎవరూ పనిచెయ్యరు! తాళం వేయిస్తా! మీ అక్కకి అటు చివర డ్యూటీ... పాత లిఫ్టు వైపు!"

"అటు రెయిలింగే లేదు!" వెల్డరు అరిచాడు. "తాడు కూడా లేదు సార్ అటు!"

"చూద్దాం!"

కారు తలుపు ధడాలున పడింది. కారు వెళ్ళిపోయింది.

దెయ్యం ఎదురైనా వీడికి భయమే తప్ప బుద్ధి రాలేదు. వెల్డరు రెయిలింగ్ మీద పిడికిలితో గుద్దాడు. వీపు ఇంకా అక్కడే ఉంటుందనుకున్నాడు. లేదు. అక్కడ ఎవరూ లేరు. ఇనుము ఖాళీగా ఉంది.

కీచు.

ఈసారి దూరంగా. అటు చివరనుంచి.

బండిలో పైపులు అయిపోయాయి. బోల్టులు అయిపోయాయి. చీకట్లో అట్టల్ని గుద్దుకుంటూ అటు పరిగెత్తాడు. పాత లిఫ్టు వైపు అంచు నల్లగా నోరు తెరుచుకుని ఉంది. చక్రం వినిపిస్తోంది. అడుగులు వినిపిస్తున్నాయి. కానీ ఆ అడుగులు ఒకరివి కావు. బరువైనవి ఒకరివి. వాటి పక్కనే తేలికైనవి ఇంకొకరివి. రెండూ మడమ ముందు పడుతూ, వెనక్కి... వెనక్కి...

అక్కకి ఫోన్ చేశాడు. మోగింది. మోగింది. ఎత్తింది.

"అక్కా! ఎక్కడున్నావ్?"

"ఎక్కడేంట్రా, ఇంట్లోనే. బట్టలు మడతపెడుతున్నా. ఆ ఆయాసమేంటి?"

వెల్డరుకి ప్రాణం లేచొచ్చింది. గోడకి జారబడ్డాడు.

"రేపు పనికి రావద్దక్కా. నామాట విను. ఎవరు పిలిచినా రావద్దు."

అక్క ఏదో వింటున్నట్టు ఊపిరి బిగపట్టింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"ఒరేయ్... నీ వెనక మీ బావతో మాట్లాడుతోందెవర్రా? అచ్చం నా గొంతులా ఉందే..."