నారింజగొంతు పిట్ట కోసం

ఆశ్వయుజం మొదట్లో ఒక ఉదయం, మారేడుమిల్లి అడవిలోని ఇరుకు లోయలో సన్నటి ఈల వినిపించింది. వెంటనే రెండు పొట్టి కూతలు. సుభాషిణి గబుక్కున ఫోన్ తీసింది.

"అదే! నారింజగొంతు పిట్ట! వీరభద్రం, కదలకు!"

చలికాలానికి హిమాలయాల నుంచి దిగివచ్చే ఆ చిన్న పిట్టను ఈ కొండల్లో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. దాన్ని రప్పించాలని నిరుడు ఇదే లోయలో సుభాషిణి దాని కూతను ఫోన్‌లో పెట్టి రోజుల తరబడి వినిపించింది. చివరికి లోయ లోపలి నుంచి అదే కూత జవాబుగా వచ్చింది. ఆ సంగతి చెబితే రాజమండ్రిలో పిట్టలు చూసే మిత్రబృందం పగలబడి నవ్వింది. ఈసారి రుజువు లేకుండా వాళ్లకు మొహం చూపించకూడదని ఆమె పంతం.

ఈల మళ్లీ వినిపించింది. ఫోన్‌లో శుభ్రంగా రికార్డయింది.

"దొరికింది కదక్కా, ఇంక పద! పైన మబ్బు చూడు, వాగు పొంగుద్ది!" అన్నాడు తమ్ముడు వీరభద్రం.

"కూత చాలదురా. కళ్లతో చూడాలి."

వాగు దూరి పోయే గుహలోంచి వస్తోంది ఆ కూత. గబ్బిలాల కంపు భరిస్తూ, మోకాలిలోతు నీళ్లలో ఇద్దరూ తడుముకుంటూ నడిచారు. గుహ అవతలి కొసన వెలుతురు కనిపించింది. అక్కడ వాలిన కొమ్మ మీద నల్లటి పిట్ట, తోకకు రెండు పొడవాటి తీగలు. భీమరాజు! ఏ పిట్ట కూతనైనా ఇట్టే అనుకరించే మాయలమారి. అది దర్జాగా ఈల వేసి, రెండు కూతలు కూసి, చివర ఆవు మెడలో గంటలా గణగణమంది.

సుభాషిణి మొహం పాలిపోయింది. నిరుడు ఆమె ఫోన్‌లో వినిపించిన కూత ఎవరో హిమాలయాల్లో రికార్డు చేసినది; దాని చివర కూడా అక్కడ మేసే ఆవు మెడగంట మోగుతుంది. భీమరాజు పాఠం నేర్చుకున్నది ఆమె దగ్గరే.

"అక్కా, నీళ్లు! పైకెక్కు!"

వెనకనుంచి ఎర్రటి వరద విరుచుకుపడింది. వీరభద్రం చెట్టువేరు అందుకుని ఆమెను లాగాడు. కాలు జారి నడుం దాకా మునిగినా, ఫోనున్న చెయ్యి మాత్రం ఆమె దించలేదు.

గట్టున పడి ఇద్దరూ రొప్పారు.

"ఇందాక రికార్డు చేసిన ముక్కలో గంట లేదు కదక్కా, అది పంపేయ్. ఎవడికి తెలుస్తుంది?"

ఆమెకు ఆశ పుట్టలేదంటే అబద్ధం. నవ్విన నోళ్లన్నీ మూయించే ముక్క అది. సిగ్నల్ అందేదాకా కొండెక్కి, బృందానికి ఆ రికార్డింగే పంపింది. వీరభద్రం హమ్మయ్య అనుకున్నాడు. దాని కింద ఆమె రాసింది చదివి నెత్తి కొట్టుకున్నాడు.

'భీమరాజు. నిరుడు నేను విన్నదీ ఇదే.'