అమ్మ మోసిన మాటలు

రెండో వరద వచ్చిన ఏడాది అది. నీళ్లు తీశాక వీధిలో ఒక్క తలుపూ సరిగ్గా మూతపడలేదు. ఉబ్బిన తలుపులన్నీ వడ్రంగి మేస్త్రి దగ్గరికే వచ్చాయి. మేస్త్రి ఇంట్లో ముందు గదే కొట్టు. అందులో ఒకే బల్ల. ఈ కొసన మేస్త్రి, ఆ కొసన కొడుకు. పొద్దుగూకే దాకా చిత్రిక పట్టేవాళ్లు. ఒకరితో ఒకరు మాట్లాడేవాళ్లు కాదు.

తగవేమీ లేదు. ఆ ఇంటి పద్ధతే అంత. మీసాలొచ్చిన కొడుకుతో తండ్రి నేరుగా మాట్లాడితే చులకనైపోతాడని మేస్త్రి తండ్రి నమ్మాడు. మేస్త్రీ నమ్మాడు. చెప్పాల్సింది ఇల్లాలితో చెప్పేవాడు. ఆమె దాన్ని బల్ల ఆ కొసకు మోసుకెళ్లేది. కొడుకు జవాబును మళ్లీ ఈ కొసకు మోసుకొచ్చేది.

ఆ ఏడాది ఆమె గొంతులో గడ్డ లేచింది. కోసి తీశారు. "మానేదాకా పెదవి విప్పకూడదమ్మా. మాట్లాడావంటే ఉన్న గొంతు కూడా దక్కదు" అని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఆమె ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున మేస్త్రికి పాలుపోలేదు. చేతిలో టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కూతురు నవ్వింది. ఆ పిల్ల కాలేజీలో సమాజశాస్త్రం చదువుతోంది.

"దిగులెందుకు నాన్నా? ఇల్లంటే ఒళ్లు లాంటిదని మా మేడమ్ చెప్పింది. ఒక్కొక్కళ్లూ ఒక్కో అవయవం. ఒకటి పడకేస్తే దాని పని ఇంకోటి అందుకుంటుంది. అలా అందుకుంటే ఇల్లు ఆరోగ్యంగా ఉన్నట్టే."

"అయితే నేనేంటి?"

"నువ్వు వెన్నెముకవి."

"మరి వాడో? గోరా? కోసినా నొప్పి తెలీదు."

"పో నాన్నా! అమ్మేమో నాలుక. ఇవాళ్టి నుంచి ఆ పని నాది."

తల్లి గబుక్కున కూతురి మణికట్టు పట్టుకుంది. వద్దు వద్దని తల ఊపింది. కూతురు ఆమె చెయ్యి మెల్లగా విడిపించుకుంది. "నొప్పెడుతోందా? నువ్వు కదలకమ్మా. నేను చూసుకుంటాగా" అంది.

మొదటి కబురు వెంటనే వచ్చింది.

"వాడు పట్టిన చెక్క చూశావా? ఎలుక కొరికినా అంతకంటే నున్నగా ఉంటుందని చెప్పు."

పిల్ల బల్ల ఆ కొసకు వెళ్లి అదే మాట చెప్పింది. కొడుకు చెయ్యి ఆగిపోయింది.

"నాన్న అలా అన్నాడా?"

"ఉన్నదున్నట్టు చెబుతున్నా అన్నయ్యా. ఒక్క ముక్క మార్చలేదు."

"నాన్న ఎప్పుడూ అలా అనడే. 'బాగా వస్తోంది, ఇంకొంచెం పట్టమను' అంటాడు."

"ఇవాళ ఇలా అన్నాడు మరి. నువ్వేమంటావు?"

"ఆ ఎలుక కూడా నాన్న దగ్గరే పని నేర్చుకుందేమో అడుగు."

పిల్ల అదీ ఉన్నదున్నట్టు మోసుకొచ్చింది. మేస్త్రి మొహం నల్లబడింది. ఇన్నేళ్లలో ఆ కొస నుంచి అతనికి వచ్చిన జవాబు ఒక్కటే. "సరే నాన్నా అన్నాడండీ." దాంతో మేస్త్రి ఇంకో మాట అన్నాడు. కొడుకు ఇంకోటి అన్నాడు. మధ్యాహ్నానికి ఇద్దరికీ ఒంట్లో రక్తం సలసలా కాగింది. పిల్ల మాత్రం హుషారుగానే ఉంది. పని చక్కగా జరుగుతోందనుకుంది.

భోజనానికి నలుగురూ కూర్చున్నారు. కూతురు మళ్లీ మొదలెట్టింది.

"ఇంకో సిద్ధాంతం కూడా ఉంది. ఇల్లంటే కొట్లాటట. పైచెయ్యి ఎవరిదో, వంగేదెవరో చూడాలట. ఇంట్లో ఎప్పుడూ గొడవే లేదంటే ఎవరో ఒకరి గొంతు నొక్కేసినట్టేనట."

తల్లి చెయ్యి తన గొంతు మీది కట్టు దగ్గరికి వెళ్లింది. కొడుకు అది చూశాడు. తర్వాత తండ్రి వైపు తిరిగాడు.

"నాన్నా."

ఆ పిలుపుకే మేస్త్రి ఉలిక్కిపడ్డాడు.

"ఒక్కటి అడుగుతాను. రంపం మిషన్‌లో నా వేళ్లు పోయినప్పుడు నువ్వు ఆసుపత్రికి రాలేదు. అమ్మతో కబురు పంపావు. 'వేళ్లు పోతే పోయాయి, నా కొడుకు నాకు దక్కాడు. బల్ల ఆ కొస వాడిదే' అని. ఆ మాట పట్టుకుని తిరిగొచ్చాను. ఫర్నిచర్ షోరూం వాళ్లు రమ్మన్నా పోలేదు. ఆ మాట నువ్వు అన్నావా, లేదా?"

కొడుకు వెనక నుంచి తల్లి రెండు చేతులూ జోడించింది. అన్నానని చెప్పమని కళ్లతోనే బతిమాలింది. మేస్త్రి చూశాడు. కానీ తాను అబద్ధం ఆడని మనిషినని అతనికి గర్వం.

"అనలేదు."

"మరేమన్నావు?"

"పిడి విరిగిన ఉలి ఉంటే ఏం, పోతే ఏం అన్నాను. అడిగావు గనక చెబుతున్నాను."

కొడుకు తన చేతి వైపు చూసుకున్నాడు. మిగిలిన వేళ్లకు అన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి.

"సరే. పొద్దున్నే వెళ్లిపోతాను" అంటూ లేచాడు.

"అన్నాడు."

అందరూ తిరిగి చూశారు. తుప్పుపట్టిన తలుపు బందు కిర్రుమన్నట్టుంది ఆ గొంతు.

"అన్నాడురా. నాతో అన్నాడు..."

కూతురు కెవ్వుమంది. "అమ్మా, మాట్లాడకు!"

తల్లికి దగ్గు తెర కమ్మింది. మూతికి అడ్డం పెట్టుకున్న తువ్వాలు ఎర్రబడింది. మళ్లీ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

సాయంత్రం డాక్టరు చూసి తల అడ్డంగా ఊపాడు. ఇక ఆ గొంతు రాదన్నాడు. మేస్త్రి మంచం పక్కన నిలబడితే ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

కూతురు వసారాలో కూలబడి ఏడ్చింది. "నేను ఉన్నదున్నట్టే కదా చెప్పాను అన్నయ్యా!"

"అవునే. ఉన్నది మోయడానికి ఎవరైనా చాలు. అమ్మ లేనిది మోసుకొచ్చేది."

మేడమ్ మూడోది కూడా చెప్పిందని అప్పుడు గుర్తొచ్చింది పిల్లకి. ఇల్లంటే గోడలు కాదు, రక్తమూ కాదు, రోజూ ఒకరికొకరు చెప్పుకునే మాటలేనని. అది మరీ తేలిక పాఠమనుకుని ఆ రోజు కునికిపాట్లు పడింది. ఆ లెక్కన ఈ ఇంటిని కట్టింది వడ్రంగి కాదు.

పొద్దున్నే కొడుకు సంచి భుజాన వేసుకుని కొట్టులోకి వచ్చాడు. మేస్త్రి అప్పటికే బల్ల దగ్గర ఉన్నాడు.

"ఏమ్మా, వాడితో చెప్పు..." అన్నాడు కూతురితో.

"నేను మోయను నాన్నా."

ఇల్లాలి వైపు తిరిగాడు. ఆమె వంటింటి గడప మీద కూర్చుని ఉంది. మేస్త్రి బల్ల వైపు తిరిగాడు.

"వేళ్లు పోతే పోయాయి..." అని ఆగిపోయాడు. తర్వాతి ముక్క గుర్తు లేదు. ఎప్పుడైనా అని ఉంటే కదా! మళ్లీ ఇల్లాలి వైపు చూశాడు. ఆమె పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. అవి చూసి ఒక్కో మాటే కూడబలుక్కున్నాడు.

"నా కొడుకు... నాకు దక్కాడు. బల్ల ఆ కొస... వాడిదే."

"వాడెవరు నాన్నా? ఎవరితో చెబుతున్నావు?"

"నీతోనేరా. నీదే."

కొడుకు సంచి దించలేదు. బయటికీ నడవలేదు. మేస్త్రి బల్ల మీద ఉన్న ఉబ్బిన తలుపును ఒక వైపు పట్టి ఎత్తాడు. ఒక్కడు మోసే బరువు కాదది. దించకుండా అలాగే నిలబడ్డాడు, కొడుకు సంచి కింద పెట్టి ఆ కొస పట్టుకునేదాకా.